అటక మీది రంగులతో మళ్ళీ మొదలుపెట్టాను, అంతా బురదైపోతోంది. చెయ్యి పోయినట్టేనా?

మీ ప్రశ్న ఇదీ: విజయనగరంలో ఉంటారు, ముప్పై రెండేళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యారు, కాలేజీ రోజుల్లో వాటర్‌కలర్ వేసేవారు. ఇప్పుడు పాత పేడ్, ట్యూబులు దించి మొదలుపెడితే ఆకాశమంతా మచ్చలు, చెట్లన్నీ బురద. ఆయిల్ రంగులకి మారిపోనా అంటున్నారు.

చెయ్యి పోలేదండీ. ముందు కాగితాన్ని అనుమానించండి. వాటర్‌కలర్ కాగితానికి సైజింగ్ అని ఒక జిగురు పట్టించి ఉంటుంది. రంగునీళ్ళు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైన నిలిపేది అదే. మన తీరపు చెమ్మలో ఏళ్ళ తరబడి పడి ఉంటే ఆ జిగురు చచ్చిపోతుంది. పేడ్ మూల మీద ఒక్క నీటి చుక్క వేసి చూడండి. ఉబ్బెత్తుగా కాసేపు నిలిస్తే మంచిదే. బ్లాటింగ్ పేపర్ మీద సిరాలా వెంటనే పీల్చేసి నల్లటి మచ్చయితే దాన్ని పెన్సిల్ పనికి ఉంచేయండి, రంగుకి వద్దు. ట్యూబుల సంగతి వేరు. వాటర్‌కలర్ ట్యూబు గట్టిపడినా చావదు. బ్లేడుతో చీల్చి ముద్దని పేలెట్ గుంటలో పెట్టి, నాలుగు చుక్కలు నీళ్ళు పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి కరుగుతుంది. కుళ్ళిన వాసనొస్తే మాత్రం పారేయండి.

షాపులో డ్రాయింగ్ షీట్ అంటే తరచుగా పెన్సిల్ బొమ్మలకి వాడే కార్ట్రిడ్జ్ కాగితమే ఇస్తారు, అది నీళ్ళకి ఉబ్బుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), వంద శాతం కాటన్ అని అడిగి 22×30 అంగుళాల షీటు ఒక్కటి తెప్పించండి. ఎనిమిది ముక్కలు చేస్తే 7.5×11 వస్తుంది, మొదటి రెండు నెలలకి ఆ సైజే సరి. రంగుల్లో పొదుపు చేసినా ఫరవాలేదు గానీ కాగితంలో చెయ్యకండి.

బురద ఎక్కువగా రెండు కారణాల వల్ల వస్తుంది. ఒకటి, మూడు నాలుగు రంగులు కలిపెయ్యడం. మీ విజయనగరం కోట గోడ రాళ్ళకి అల్ట్రామరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, ఈ రెండే చాలు. నీలం ఎక్కువైతే నీడ రాయి, సియెన్నా ఎక్కువైతే ఎండ రాయి. తాటాకు పచ్చకి అల్ట్రామరీన్‌లో ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టి రంగు, అంతే. ట్యూబులోంచి తిన్నగా తీసిన పచ్చ మన చెట్లకి నప్పదు. రెండోది, సగం ఆరిన చోట మళ్ళీ కుంచె పెట్టడం. వేసిన చోటుని పక్కనుంచి వంగి చూడండి. అద్దంలా మెరుస్తున్నంతసేపూ ఇంకో రంగు వదలొచ్చు. ఆ మెరుపు తగ్గి గుడ్డు పెంకులా మసగ్గా అయ్యిందా, చెయ్యి తీసెయ్యాలి. అప్పుడు తడి కుంచె పెడితే కాలీఫ్లవర్ ఆకారంలో మచ్చ పడుతుంది. మీ ఆకాశంలో కొన్ని మచ్చలు ఇవే అయ్యుండొచ్చు. మే నెలలో ఫేను కింద ఆ మెరుపు నిమిషంలో పోతుంది, ముసురు రోజుల్లో ఎంతకీ పోదు. అందుకే వేసవిలో కాగితం వెనకవైపు కూడా తడిపి పలక మీద పరచండి.

వయసు తెచ్చే అసలు ఇబ్బంది చేతిలో కాదు, కళ్ళలో. చదువుకునే అద్దాలు 40 సెంటీమీటర్లకి సరిపోతాయి, బొమ్మ వేసే బోర్డు ఉండేది 60, 70 దగ్గర. దూరానికీ దగ్గరకీ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలతో గడ్డం పైకెత్తి వేస్తుంటే మెడ నొప్పి తప్ప గీత తిన్నగా రాదు. బోర్డు దూరం టేపుతో కొలిచి, ఆ దూరానికే ఒక జత రాయించుకోండి. శుక్లం మొదలైన కంటికి లోకం పసుపుగా కనిపిస్తుంది, నీలాలు మసకబారతాయి. రంగులు కుదరట్లేదని దిగులుపడే ముందు కంటి పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఆయిల్‌కి ఇప్పుడే వద్దు. వానాకాలంలో ఆరడం ఆలస్యం, మూసిన గదిలో టర్పెంటైన్ వాసన ఒంటికి మంచిది కాదు. ఆయిల్ రంగుల్లో వాడే లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోగలవు, విప్పి బయట ఆరేయాలి.

మొదటి నెల ఒక్క రంగుతోనే, మూడు ఛాయల్లో వెయ్యండి. కోటకి మిట్టమధ్యాహ్నం వెళ్తే నీడ దొరకదు. పొద్దున్న ఏడున్నరలోపు కూచోండి. వెలుగు అరగంటలో జరిగిపోతుంది కాబట్టి, ముందు నీడల అంచులు పెన్సిల్‌తో గీసేసుకుని అప్పుడు నీళ్ళ గిన్నె తియ్యండి.