చమురు డాలర్లు చేతిలో నిలవాలంటే

ప్రశ్న: మాస్టారూ, ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. చమురు అమ్మే దేశాలకు డాలర్లు బావిలోంచే వస్తాయి కదా. మరి వాటి విదేశీ మారక నిల్వలకీ, అక్కడి జనం చదువుకీ సంబంధం ఏముంటుంది? సెమినార్‌కి ఈ టాపిక్కే ఇచ్చారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: సంబంధం ఉందమ్మా. విదేశీ మారక నిల్వలంటే కేంద్ర బ్యాంకు దాచి ఉంచే డాలర్ల లాంటి విదేశీ ఆస్తులు కదా. అయితే అది డాలర్లు వచ్చే దారిలో కన్నా పోయే దారిలో ఎక్కువ కనిపిస్తుంది.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఫరూక్ అల్ కాసిం గుర్తొస్తాడు. బాస్రాలో పుట్టి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో చదివిన ఇరాకీ భూగర్భ శాస్త్రవేత్త. భార్య నార్వే మనిషి. కొడుకు వైద్యం కోసం 1968లో కుటుంబంతో ఆ దేశం చేరాడు. ఓస్లోలో రైలుకి ఇంకా టైముంది. ఇక్కడ చమురు కంపెనీలేమైనా ఉన్నాయా అని అడుగుదామని పరిశ్రమల శాఖ ఆఫీసుకి వెళ్లాడు. ఉత్తర సముద్రంలో తవ్విన బావుల రిపోర్టులు అక్కడ పేరుకుపోయి ఉన్నాయి, చదివి చెప్పగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆయన్ని పనిలోకి తీసుకున్నారు. మరుసటి ఏడాదే ఆ సముద్రంలో ఎకోఫిస్క్ అనే చమురు క్షేత్రం బయటపడింది.

కంపెనీ చూపించే కాగితాన్ని చదివి, అది సరైనదో కాదో తేల్చగలిగేవాడు ప్రభుత్వం వైపు ఒకడుంటే పన్ను, వాటా బేరం ఎంత మారిపోతుందో ఆలోచించండి! నార్వే అక్కడితో ఆగలేదు. తన పిల్లలకి పెట్రోలియం ఇంజినీరింగ్ నేర్పించింది, తమవాళ్లకి పని నేర్పమని విదేశీ కంపెనీల మీద ఒత్తిడి పెట్టింది. ఆ మనిషి ఇరాక్‌కి దక్కకుండా పోయాడే అన్న బాధ మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

తమవాళ్లకి పని రాకపోతే డ్రిల్లింగ్, మరమ్మతు, డిజైన్, కన్సల్టెన్సీ అన్నిటికీ డాలర్లలోనే బిల్లు కట్టాలి. సౌదీనే చూడండి. అక్కడి విదేశీ ఉద్యోగులు ఏటా ఇళ్లకి పంపే సొమ్ము 3,000 కోట్ల డాలర్ల పైమాటే. 1986 నుంచి డాలరుకి 3.75 రియాళ్లన్న రేటు నిలబెడుతున్నారు. అడిగినవాళ్లకి ఆ రేటుకే డాలర్లివ్వాలి కాబట్టి, చమురు ధర పడ్డప్పుడు ఆ భారం నిల్వల మీదే పడుతుంది. 2014లో 73,000 కోట్ల డాలర్లు దాటిన నిల్వలు 2017కల్లా 50,000 కోట్ల దగ్గరికి దిగాయి. అసలు కారణం ధర, బడ్జెట్ లోటు. కానీ పైన చెప్పిన డాలర్ల ఖర్చులు ధరతో పాటు తగ్గవు. 2005లో వేలాదిమందిని స్కాలర్‌షిప్ మీద విదేశాలకి పంపడం మొదలుపెట్టారు. దానికీ డాలర్లే పోతాయి, ఫలితం ఏళ్ల తర్వాత గానీ తెలియదు.

వెనెజులాది తిరగబడ్డ కథ, అక్కడ దెబ్బ డాలర్లు వచ్చే దారికే తగిలింది. 2002-03 సమ్మె తర్వాత ప్రభుత్వ చమురు సంస్థ 18,000 మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. అనుభవమున్న ఇంజినీర్లు దేశాలు పట్టిపోయారు. రోజుకి 30 లక్షల బ్యారెళ్ల దాకా తీసిన దేశం 2020 నాటికి 10 లక్షల లోపుకి పడిపోయింది. పెట్టుబడుల కొరత, అమెరికా ఆంక్షలూ కారణాలే, అవీ రాయండి.

సెమినార్‌లో డిగ్రీల సంఖ్య పక్కన నిల్వల సంఖ్య పెట్టి ఊరుకోకండి. చెల్లింపుల శేషం (దేశంలోకి వచ్చే, బయటికి పోయే విదేశీ సొమ్ము లెక్క) పట్టికలో సేవల దిగుమతులు, కార్మికులు పంపే సొమ్ము అన్న రెండు వరుసలు పదేళ్లకి తీయండి. ఇంకో మాట, చమురు ఆదాయాన్ని దాచుకునే నార్వే పెన్షన్ ఫండ్‌ని నిల్వల్లో కలపకండి. దాని ఖాతా వేరు.