పంపు లేని లూపు దగ్గరికి వెళ్తున్న బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

ద్రవ హైడ్రోజన్ థర్మోసైఫన్ మీద, అదే పంపు లేకుండా ద్రవం తనంతట తానే తిరిగే లూపు మీద, పని ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. అమలాపురంలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పేశాను, రాత్రి నిద్ర మాత్రం పట్టట్లేదు.

నూలు బట్టలు, ఎర్తింగ్, గ్యాస్ డిటెక్టర్ సంగతి అక్కడివాళ్ళే చెబుతారు, విను.

నేను చెప్పేది వాలు గురించి. కింద వేడి తగిలిన ద్రవం తేలికై పైకి వెళ్తుంది, పైన కండెన్సర్‌లో చల్లబడి బరువెక్కి దిగుతుంది. ఆ సాంద్రత తేడా తప్ప దాన్ని నడిపేది ఇంకేమీ లేదు. ధవళేశ్వరం నీళ్ళు మోటారు లేకుండా మన చేలకి వచ్చినట్టే, మధ్యలో ఎత్తు తగిలిందా, ఆగిపోతుంది. నేను ట్రైనీగా ఉన్నచోట ఒక దూలం అడ్డొచ్చిందని దిగే పైపుని దాని మీదుగా ఎక్కించి దించారు, జానెడు ఎత్తు కూడా లేదు, డ్రాయింగ్‌లో ఎవరి కంటా పడలేదు. ద్రవ నైట్రోజన్‌తో ట్రయల్ వేస్తే ఆ మలుపులో ఆవిరి చేరి కూర్చుంది. ద్రవం దిగడం మానేసింది, కింద హీటర్ దగ్గర వేడి పెరుగుతోంది, పైన కండెన్సర్ చల్లగా బాగానే ఉంది. అందరూ సెన్సార్‌ని తిట్టారు, వైర్లు మార్చారు, ప్రవాహం పెరుగుతుందని ఒక మహానుభావుడు వేడి ఇంకాస్త పెంచాడు కూడా! చివరికి పీడనం ఎక్కువై రిలీఫ్ వాల్వు తెరుచుకుంది. అంటుకోని నైట్రోజన్ కాబట్టి తెల్లపొగ చూసి నవ్వుకున్నారు. పంపు ఆగితే చప్పుడు ఆగుతుంది, తెలుస్తుంది. దీనికి మొదటినుంచీ చప్పుడే లేదు కదమ్మా. హీటర్ గోడకీ కండెన్సర్‌కీ ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంటే ముందు వేడి తగ్గించు, సెన్సార్ సంగతి తర్వాత.

అలాగని అతిగా చల్లబరచకు. మామూలు పీడనంలో హైడ్రోజన్ మరిగేది -253 డిగ్రీల దగ్గర, గడ్డకట్టేది -259 దగ్గర. మధ్యలో ఉన్నది ఆరు డిగ్రీలే, కండెన్సర్‌లో గడ్డకట్టిందంటే దారి మూసుకుపోతుంది.

ఇంకోటి, ఇది నా భయం. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకి పైగా మండింది, నువ్వప్పటికి పుట్టలేదు. ఆ మంట కంటికి కనపడింది కాబట్టి జనం పారిపోయారు. హైడ్రోజన్ మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు, గాలిలో 4 శాతం చేరితే చాలు అంటుకోడానికి. వెనకటికి రాకెట్ పనివాళ్ళు చీపురు ముందుకి చాచి నడిచేవాళ్ళు, అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. నువ్వు లీకు ఎక్కడుందో చూద్దామని చెయ్యి పెట్టావో, ఊరుకోను. చిన్నప్పుడు పాలగిన్నె పట్టుకోబోతే నా చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి, అంత దూరం ఇప్పుడెలా పెట్టను?

డ్రాయింగ్ బయటికి పంపకూడదని నాకు తెలుసు. దిగే పైపు ఎక్కడైనా మళ్ళీ పైకి ఎక్కుతోందేమో నువ్వే వేలుపెట్టి చూసి, ఉందనో లేదనో ఒక్క మాట ఫోన్‌లో చెప్పు.

పెదనాన్న