దేవుని స్వరం నాకెందుకు వినబడదు?

వందనాలండి. మీరు అడిగింది ఇదీ: సాక్ష్యాల్లో అందరూ "దేవుడు నాతో మాట్లాడాడు" అంటున్నారు, ఉపవాస ప్రార్థనలు ఎన్ని చేసినా నాకు ఒక్క మాటా వినబడలేదు, లోపం నాలో ఉందా అని.

లోపం సంగతి పక్కన పెట్టండి. సువార్తల్లో ఆకాశం నుంచి స్వరం వచ్చిందే మూడు సందర్భాల్లో. యేసు బాప్తిస్మమప్పుడు, కొండమీద ఆయన రూపాంతరమప్పుడు, మళ్లీ యోహాను సువార్త 12వ అధ్యాయంలో. ఆ మూడోసారి అక్కడే నిలబడ్డవాళ్లలో కొందరు ఉరిమింది అనుకున్నారు! ఇక కొండమీద ఆ స్వరం చెప్పిందేమిటంటే, ఈయన నా కుమారుడు, ఈయన మాట వినండి అని. బైబిల్లో హెబ్రీ పత్రిక అనే లేఖ మొదలయ్యేదీ అక్కడే: పూర్వం ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు, ఇప్పుడు కుమారుని ద్వారా మాట్లాడాడు. కాబట్టి చెవి పెట్టాల్సింది యేసు బతికిన తీరుకి, అన్న మాటలకి.

ఎలాగంటే, మార్కు సువార్త తీసుకోండి. పదహారు అధ్యాయాలే, నాలుగు సువార్తల్లో చిన్నది. రోజుకి ఒక్క ఘట్టం, పది పదిహేను వచనాలకు మించొద్దు. ఇలా అయితే మూడు నెలల్లో అవుతుంది. ఫోన్లో కాదు, పుస్తకంలో. పాత అనువాదం భాష అడ్డొస్తే పక్కన వాడుకభాషలో ఉన్నది పెట్టుకోండి. మొదటిసారి పైకి చదవండి, రెండోసారి మెల్లగా, మూడోసారి ఆ గుంపులో ఎవరో ఒకరి పక్కన నిలబడి చూస్తున్నట్టు. తర్వాత నోటుబుక్కులో రాయండి: ఆయన ఎవరిని పట్టించుకున్నాడు, ఏమడిగాడు, ఎవరు అడ్డుపడ్డారు. చివర్లో పొద్దుగూకేలోపు చేయాల్సిన పని ఒకటి. "ప్రేమగా ఉండాలి" అని రాస్తే కొట్టేయండి. "మార్టేరు చిన్నాన్నకి ఫోన్ చేయాలి" అన్నట్టుండాలి. ఈ చివరి గడి ఖాళీగా వదిలేసేవాళ్లకే నెల తిరక్కుండా విసుగొస్తుంది.

మార్కు 10 చూడండి. శిష్యులు యాకోబు, యోహాను వచ్చి మేం అడిగింది చెయ్యమంటారు. నేను మీకేం చేయాలని కోరుతున్నారు, అంటాడు ఆయన. కుడిపక్క ఒకరికి, ఎడమపక్క ఒకరికి కుర్చీ కావాలట. ఓ పది వచనాలు దాటితే యెరికో దారిలో గుడ్డి బిచ్చగాడు బర్తిమయి. జనం నోరు మూసుకోమంటుంటే ఇంకా గట్టిగా అరుస్తాడు, యేసు ఆగుతాడు, గుడ్డివాడు పైబట్ట పారేసి లేచి వస్తాడు. అతణ్ణీ అదే ప్రశ్న: నేను నీకేం చేయాలని కోరుతున్నావు? శిష్యులు కుర్చీ అడిగారు, బిచ్చగాడు చూపు అడిగాడు. మార్కు ఈ రెంటినీ ఒకే అధ్యాయంలో పెట్టాడు. అక్కడ ఆగి, ఆ ప్రశ్నకి మీ జవాబు మొహమాటం లేకుండా రాయండి. కుర్చీ బయటపడినా సరే, దాన్నే రాయండి.

ఎక్కువమంది బోల్తాపడేది అవును, కాదు అనే జవాబు కోసం కూర్చోవడం వల్ల. మూడెకరాల చేను రొయ్యల చెరువుకి లీజుకివ్వాలా వద్దా, ప్రభువా చెప్పు అంటారు. లూకా 12లో ఒకడు ఇలాగే అన్నదమ్ముల పంపకం తీర్చమన్నాడు. ఆయన ఆ తీర్పు చెప్పనన్నాడు. లోభం గురించి జాగ్రత్త అని, కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడి కథ చెప్పాడు. ఆ ధనవంతుడి మాటలు లెక్కపెట్టండి: నా పంట, నా కొట్లు, నా ధాన్యం. పక్కమనిషి ఊసే లేదు. మీ చెరువు సంగతికి జవాబు ఇందులోంచి వస్తుంది. ఉప్పు ఊట దిగేది ఎవరి చేలోకి, అతన్ని అడిగారా? లీజు రేటు గురించి మాత్రం తెలిసినవాళ్లనే అడగాలి.

జనవరి ఒకటిన తీసే, ఒక్కో బైబిలు వచనం రాసి ఉండే వాగ్దాన కార్డులతో నాకు పేచీ లేదు, గోడకి పెట్టుకోండి. దాన్నిబట్టి ఇల్లు అమ్మకండి. మత్తయి 4లో సాతాను కూడా కీర్తన 91 వచనమే ఎత్తి చూపించి దూకమన్నాడు. వచనం ముందూ వెనకా చదవకపోతే అంతే.

ఇక "దేవుడు నాకు బయలుపరిచాడు, నువ్వింత ఇవ్వాలి, లేకపోతే కీడు" అని ఎవరైనా అంటే మళ్లీ మార్కు 10కే రండి. అక్కడ ఇంకో ధనవంతుణ్ణి యేసు చూసి ప్రేమించాడు, అమ్మి బీదలకిమ్మన్నాడు, అతను దిగులుగా వెళ్లిపోతే వెంటపడలేదు. ఇవ్వమన్నది బీదలకన్నది కూడా గమనించండి. భయపెట్టి, ఈ రాత్రికే తేల్చమనే గొంతు ఆ తీరుతో కలవదు.

ఒకటి వేరు చేసి చెప్పాలి. ఎవరికైనా నిద్రపట్టకుండా, ఆగకుండా చెవిలో మాటలు వినబడుతూ, ఏదో చెయ్యమని తరుముతుంటే దాన్ని వరం అనొద్దు. ప్రార్థన చేస్తూనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మధ్యలో రోజు తప్పితే మర్నాడు రెండు ఘట్టాలు చదివి పూడ్చకండి. ఆగినచోటి నుంచే ఒక్కటి. వారానికోసారి నోటుబుక్కు మీకు తెలిసిన ఒకరికి చదివి వినిపించండి, మీ ఇంటి గుట్టు తెలిసినవాళ్లయితే మరీ మంచిది. మీరు తప్పించుకున్న వచనం వాళ్లే పట్టుకుంటారు.