లివర్ మందులు వాడినా నీరసం తగ్గలేదు

ప్రశ్న: అమ్మకు 54 ఏళ్లు. రెండు నెలలుగా పీట మీద నుంచి లేవలేకపోతోంది. జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవడం లేదు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువున్నాయని లివర్ మందులిచ్చారు. తగ్గలేదు. టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ రెండు ఎంజైములూ కండరాల్లోనూ ఉంటాయమ్మా. పాపం, లివర్ మీదే నింద పడుతుంటుంది! లివర్ సంగతి చెప్పే జీజీటీ, కండరాల సంగతి చెప్పే సీపీకే రక్తపరీక్షలు చేయించండి. జీజీటీ మామూలుగా ఉండి, సీపీకే వేలల్లో ఉంటే మయోసైటిస్, అంటే కండరాల వాపు వ్యాధిని అనుమానించాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్ర వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి, దానివల్లా కండరాలు దెబ్బతినొచ్చు. రుమటాలజిస్టు (కీళ్లు, కండరాల వాపు జబ్బుల డాక్టరు) సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీల పరీక్ష రాస్తారు. ఖరీదెక్కువే, కానీ దండగ కాదు. వాటిలో జో-1 అనేది కనిపిస్తే ఊపిరితిత్తులు చూడాలి. టిఫ్-1 గామా అనేది ఉంటే ఈ వయసులో క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవాలి. మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.