ముంబై తాజ్ హోటల్‌ను పొరపాటున వెనక్కి తిప్పి కట్టేశారా?

లేదు. ప్లాన్‌ను తిరగేసి కట్టారని, అది చూసి ఆర్కిటెక్ట్ ఆత్మహత్య చేసుకున్నాడని ఎన్నేళ్లుగానో చెప్పుకుంటున్నారు. అందులో నిజం లేదు.

జంషెడ్జీ టాటా కట్టించిన ఈ హోటల్ 1903 డిసెంబర్‌లో తెరుచుకుంది. గేట్‌వే ఆఫ్ ఇండియా పూర్తయింది 1924లో. అంటే అప్పటికి ఎదురుగా గేట్‌వే లేనే లేదు. ప్రధాన ద్వారం ఊరివైపే పెట్టారు; నగరం వైపు నుంచి గుర్రపు బగ్గీల్లో వచ్చేవారి కోసమే అలా పెట్టారంటారు. ఇప్పుడు స్విమ్మింగ్ పూల్ ఉన్న వైపు అన్నమాట. తర్వాత ద్వారం సముద్రం వైపుకు మారడంతో, పాత ముఖం వెనకైపోయింది. పుకారు అక్కడే పుట్టి ఉంటుంది.

డిజైన్ సీతారాం ఖండేరావ్ వైద్య, డి.ఎన్. మీర్జాలది. పని పూర్తికాకముందే వైద్య చనిపోవడంతో డబ్ల్యూ.ఎ. చాంబర్స్ ముగించాడు. ఆ భారతీయ ఇంజనీర్ల పేర్లు మరుగునపడి, లేని ఆత్మహత్య కథ మిగలడం నాకు బాధగా ఉంటుంది.

లోపలికి వెళ్తే పెద్ద గుమ్మటం కిందున్న మెట్లు చూడండి. మధ్యలో స్తంభాలేవీ లేకుండా, గోడల ఆధారంతో గాల్లో తేలుతున్నట్టు పైకి వెళ్తాయి. గుమ్మటాలు, ఆర్చీల్లో మొఘల్, రాజపుత్ర, యూరప్ శైలులు కలిసిపోయాయి.

పక్కనున్న ఎత్తైన టవర్ మాత్రం 1970ల నాటిది. 2008 నవంబర్ 26 దాడిలో బాగా దెబ్బతిన్న పాత భవనం, మరమ్మతుల తర్వాత 2010 ఆగస్టు 15న మళ్లీ తెరుచుకుంది.