కాథలిక్ ఫాదర్ ప్రేమలో పడితే పెళ్లి చేసుకోవచ్చా?

ఫాదర్‌గా కొనసాగుతూ చేసుకోకూడదు. పోప్ నుంచి బ్రహ్మచర్య మినహాయింపు పొంది, గురుసేవ (ఫాదర్ బాధ్యతలు) వదిలేస్తేనే ఆ పెళ్లిని చర్చి ఒప్పుకుంటుంది.

మనసులో ప్రేమ పుట్టడం చర్చి దృష్టిలో నేరం కాదు. చిక్కంతా ఆయన ముందే ఇచ్చిన మాటతో. ఫాదర్ కాకముందు, దానికి ముందు మెట్టైన డీకన్ అయ్యేటప్పుడే బ్రహ్మచర్యం పాటిస్తానని మాటిస్తారు. అనుమతి లేకుండా గురువు (ఫాదర్) చేసుకున్న పెళ్లి చెల్లదని 1139లో చర్చి పెద్దల రెండో లాటరన్ మహాసభ తేల్చింది. ఇప్పటికీ అంతే, పదవి కూడా పోతుంది. మినహాయింపు దొరికినవారు పూజ చేయలేరు. విచిత్రమేమంటే గురుపట్టం (ఫాదర్‌గా పొందిన అభిషేకం) మాత్రం చెరిగిపోదు, చావుబతుకుల్లో ఉన్నవారి పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) ఆయన వినవచ్చు.

అందరూ రోమ్ అనుమతి కోసం ఆగరు. టీవీ కార్యక్రమాలతో పేరొందిన అమెరికాలోని మయామీ ఫాదర్ ఆల్బెర్టో కూటియే ప్రేమ సంగతి 2009లో ఫొటోలతో బయటపడింది. కొద్ది వారాల్లోనే ఆయన, గురువులకు పెళ్లి అడ్డులేని ఎపిస్కోపల్ చర్చిలో (ఇది కాథలిక్ కాదు) చేరి తాను ప్రేమించిన ఆమెనే పెళ్లాడారు.

ఫాదర్ల బ్రహ్మచర్యం బైబిల్ ఆజ్ఞ అని, ఎప్పటికీ మారదని చాలామంది అనుకుంటారు. కాదు, చర్చి పెట్టుకున్న నియమం. సువార్తల్లో యేసు శిష్యుడు పేతురుకు అత్తగారే ఉంది! పోప్ కిందే ఉన్న ఉక్రెయిన్ గ్రీకు కాథలిక్కుల్లో పెళ్లయినవారు గురువులవుతారు. అయితే అక్కడా పెళ్లయ్యాక గురువు కావచ్చు గానీ, గురువయ్యాక పెళ్లి కుదరదు. భార్య చనిపోయినా మామూలుగా రెండో పెళ్లికి వీల్లేదు.