పాత న్యూ వేవ్ సీడీలు మళ్లీ తీశారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, తొంభైల్లో కొన్న న్యూ వేవ్ (డెబ్భైల చివర, ఎనభైల్లో వచ్చిన ఇంగ్లిష్ పాప్, రాక్ పాటలు) కలెక్షన్ సీడీలు ఒక పెట్టెడు ఉన్నాయి నా దగ్గర. ఈమధ్య మళ్లీ తీసి వింటుంటే ఫోన్‌లో వినే పాటకీ సీడీలో పాటకీ తేడా కొడుతోంది, ఒకటి పొడుగ్గా ఉంది, ఇంకోటి పొట్టిగా ఉంది, సీడీలో సౌండ్ కూడా తక్కువే. నా చెవుల్లోనే ఏమైనా తేడానా? అన్నీ ఫోన్‌లో దొరుకుతుంటే ఇవి ఉంచుకోవడం దండగేమో అని కూడా అనిపిస్తోంది.

జవాబు: చెవులు బానే ఉన్నాయండి, తేడా నిజంగానే ఉంది. ఆ రోజుల్లో ఒకే పాట రెండు మూడు రకాలుగా వచ్చేది, రేడియో కోసం ఏడంగుళాల చిన్న రికార్డు, అంటే సింగిల్, డాన్స్ క్లబ్బుల కోసం పన్నెండంగుళాల రికార్డు, ఆల్బమ్‌లో ఇంకోటి. సాఫ్ట్ సెల్ 1981లో చేసిన ‘టెయింటెడ్ లవ్’ సింగిల్ మూడు నిమిషాలు కూడా ఉండదు, అదే పన్నెండంగుళాల దాంట్లో దాదాపు తొమ్మిది నిమిషాలు, మధ్యలో ఆపకుండా ఇంకో పాటలోకి వెళ్లిపోతుంది. న్యూ ఆర్డర్ వాళ్ల ‘బ్లూ మండే’ 1983లో ఏడున్నర నిమిషాలు, 1988 రీమిక్స్ ఏడంగుళాల సింగిల్‌కి వచ్చేసరికి నాలుగు నిమిషాల చిల్లర. అంటే పాట పేరు ఒకటే అయినా మీ దగ్గరున్నది ఏదో, ఫోన్‌లో మోగేది ఏదో నిమిషాలు చూస్తే గానీ తెలీదు.

ఇంకో గొడవ కూడా ఉంది. కొన్ని బ్యాండ్లు తమ హిట్టుని చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పాడి రికార్డు చేశాయి. మోడర్న్ ఇంగ్లిష్ 1982లో చేసిన ‘ఐ మెల్ట్ విత్ యూ’ని 1990లో మళ్లీ చేశారు. మీరు ఫోన్‌లో వెతికితే ఏది ముందు తగులుతుందో మీ అదృష్టం, రీ-రికార్డెడ్ అని పక్కన చిన్నగా రాసుంటే సరే, లేకపోతే గొంతు విని పోల్చుకోవాలి. సీడీ ఉంటే ఆ బాధ లేదు, పాట కింద సంవత్సరం, కంపెనీ పేరు సాధారణంగా బుక్‌లెట్‌లో వేసే ఉంటాయి.

సౌండ్ తక్కువ అన్నారు కదా, దాన్ని లోపం అనుకోకండి. తొంభైల మొదట్లో వచ్చిన సీడీలని ఇప్పటంత గట్టిగా మోగేలా సౌండ్‌ని నొక్కేసి మాస్టరింగ్ (సీడీ వేసేముందు చేసే చివరి సౌండ్ సర్దుబాటు) చేసేవాళ్లు కాదు. వాల్యూమ్ కాస్త పెంచి డ్రమ్ దెబ్బ వినండి, అది విడిగా వచ్చి తగులుతుంది, కొత్త రీమాస్టర్లు కొన్నిట్లో అదే దెబ్బ మిగతా సౌండ్‌లో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి దండగ కాదు, ఉంచుకోండి.

ప్రశ్న: ఒకే సీడీలో బ్లాండీ, డీవో, గ్యారీ న్యూమన్, డెపెష్ మోడ్ అందరూ ఉన్నారు. ఒకళ్లది గిటార్, ఒకళ్లది సింథసైజర్, అసలు వీళ్లందర్నీ ఒక గాటన ఎలా కట్టారండీ?

జవాబు: నిజం చెప్పాలంటే సంగీతంకన్నా అమ్మకం అవసరమే ఎక్కువ కట్టింది. 1977 ప్రాంతంలో పంక్ (మొరటుగా, వేగంగా వాయించే రాక్) అంటే అమెరికా రేడియో వాళ్లు దూరం జరిగేవాళ్లు, సైర్ రికార్డ్స్ అధిపతి సీమోర్ స్టైన్ లాంటి వాళ్లు న్యూ వేవ్ అనే పేరుతో ఆ బ్యాండ్లనే ముందుకి తోశారు. న్యూయార్క్ సీబీజీబీ క్లబ్బులో వాయించిన బ్లాండీ, టాకింగ్ హెడ్స్ ఇలాగే వచ్చారు. తర్వాత చవక సింథ్‌లు దొరికేసరికి బ్రిటన్ కుర్రాళ్లు వాటితో మొదలెట్టారు. 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోలు వేసే ఛానెల్ ఎంటీవీ మొదలైనప్పుడు వేయడానికి వీడియోలు కావాలి, అవి ఎక్కువగా ఉన్నది బ్రిటిష్ బ్యాండ్ల దగ్గర, అంతే, హెయిర్‌స్టైల్‌తో సహా అమెరికాలో దిగిపోయారు. ఆ గజిబిజే ఈ సీడీల్లో అసలు మజా అని నా అభిప్రాయం, ఒకే రకం పాటలు కావాలంటే ఒకే బ్యాండ్ ఆల్బమ్ వినొచ్చుగా.

ప్రశ్న: ఒక్కో సీడీలో తెలిసిన పాటలు రెండో మూడో, మిగతావన్నీ ముక్కూమొహం తెలియని బ్యాండ్లవి. స్కిప్ చేసేయొచ్చా?

జవాబు: అయ్యో వద్దండి! కలెక్షన్ కొనేది వాటి కోసమే. హిట్లు ఎక్కడైనా దొరుకుతాయి. 1994 నుంచి రైనో కంపెనీ ‘జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్’ పేరుతో 15 వాల్యూములు వేసిందంటే అన్ని హిట్లు ఉండి కాదు కదా, ఒక్క పాటతో వచ్చి మాయమైపోయిన వాళ్లని కూడా వెతికి వేశారు కాబట్టి.

ఫ్లయింగ్ లిజర్డ్స్ 1979లో చేసిన ‘మనీ’ ఒక్కసారి స్కిప్ చేయకుండా వినండి. పాట వాళ్లది కాదు, 1959లో బారెట్ స్ట్రాంగ్ పాడింది, బీటిల్స్ కూడా గొంతు చించుకుని పాడారు. వీళ్ల దాంట్లో ఒకావిడ టెలిఫోన్ డైరెక్టరీ చదువుతున్నట్టు ఏ భావమూ లేకుండా డబ్బు కావాలి డబ్బు కావాలి అని అప్పజెప్తూ పోతుంది, వెనకాల పియానో మామూలుగా మోగదు, లోపల ఏవో సామాన్లు పడేసి వాయించారు, గలగలమంటూ ఉంటుంది. ఇది బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానం దాకా ఎక్కింది! ఇప్పుడు ఇలాంటిది ఎవరైనా రిలీజ్ చేస్తే ఫైల్ పాడైందేమో అనుకుంటారు. మొదటిసారి చిరాకేస్తుంది, మూడోసారికి మీరే రిపీట్ పెడతారు, పందెం.

అలాగే కెనడా వాళ్లు మార్తా అండ్ ది మఫిన్స్, 1980, ‘ఎకో బీచ్’. దాని గురించి ఏం చెప్పను, శాక్సోఫోన్ వచ్చేదాకా ఆగండి చాలు.

ప్రశ్న: ఒక సీడీ అంచు నుంచి గోధుమ రంగు తిరుగుతోంది. తుడిస్తే పోవట్లేదు. చివరి పాటలు గరగరమంటున్నాయి.

జవాబు: అది మురికి కాదండీ, తుడవడం ఆపేయండి. లోపలి రింగ్ దగ్గర పీడీఓ (సీడీ తయారు చేసిన కంపెనీ పేరు), మేడ్ ఇన్ యూకే అని ఉందేమో లైటు కింద చూడండి. ఇంగ్లండ్‌లో ఆ కంపెనీ బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 దాకా తయారైన కొన్ని సీడీలకి ఈ జబ్బు ఉంది. అల్యూమినియం బదులు వెండి పూత వేశారు, దాని మీది వార్నిష్ లాంటి పొర సరిగ్గా కాపాడలేదు, బుక్‌లెట్ కాగితంలోంచి వచ్చే గంధకం తగిలి వెండి నల్లబడుతూ వచ్చింది. సీడీలో పాటలు లోపలి నుంచి బయటికి ఉంటాయి కాబట్టి అంచు పాడైతే ముందు పోయేవి చివరి పాటలే. బాగుచేయడం కుదరదు, ఇంకా చదవగలిగినంత వరకు వెంటనే కంప్యూటర్‌లోకి కాపీ తీసేసుకోండి.

ప్రశ్న: కాపీ అన్నారు, ఎలా తీయాలి? నేను తీస్తే ఒక్క సీడీ 18 ఆల్బమ్‌లుగా విడిపోయింది.

జవాబు: కలెక్షన్లతో అందరికీ వచ్చేదే ఇది. ప్రతి పాటకీ ఆర్టిస్ట్ వేరు కదా, అందుకని ఫైల్ వివరాల్లో ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిలో అన్నిటికీ ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అని పెట్టండి, మళ్లీ ఒకటైపోతుంది. తీసేది ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రామ్‌తో తీయండి, అది గీతలున్న చోట మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది, అక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ జాబితా ద్వారా వేరేవాళ్ల కాపీలతో పోల్చి తప్పుందో లేదో కూడా చెప్తుంది. ఫైల్ ఫ్లాక్‌లో (సౌండ్ ఏమీ పోకుండా దాచే ఫైల్ రకం) పెట్టుకోండి, ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3లోంచి మళ్లీ ఒరిజినల్ రాదు. తీసేముందు మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. ఇంకోటి, బొమ్మ ఉన్న వైపు ఏమీ కాదులే అనుకుంటారు చాలామంది, మెరిసే పూత ఉండేది ఆ బొమ్మ కిందే, అటు గీత పడితే పాట పోయినట్టే.